సైమా కుర్చీకి అలారం

హెల్వి గొంతు తెలియనివాళ్ళు ఆ ఊళ్ళో లేరు. స్కూలు బస్సు నడిపినంత కాలం ఆమె బండిని ఆ గొంతుతోనే నడిపింది, స్టీరింగు పేరుకే. ఆర్నెల్లపాటు రోడ్డు కనబడనంత మంచు కురిసే చోట, సరస్సు ఒడ్డు వెంబడి ఆ వంకర దారుల్లో, ఆమె బస్సులో ఒక్క పిల్లవాడికి మూతి పగల్లేదంటే కారణం ఒకటే. బండి కదులుతుండగా సీట్లోంచి లేచినవాడికి ఆ రోజు మూడిందన్నమాటే. "కూర్చో" అని ఆమె వెనక్కి తిరక్కుండానే ఒక్క అరుపు అరిచేది. ఇప్పుడు బట్టతలలు వచ్చి, బొజ్జలు పెరిగి, పిల్లల్ని కన్న మగవాళ్ళు కూడా కిరాణా కొట్లో ఆ గొంతు వినబడితే ఓసారి ఉలిక్కిపడి చూస్తారు. రిటైరయ్యాక ఆ గొంతుకి పని లేకుండా పోయింది. దాన్ని అక్క సైమా మీద వాడుదామంటే ఆవిడ లెక్కచేసే రకం కాదు.

సైమా బ్యాంకులో కౌంటరు వెనకాల జీవితమంతా గడిపింది. వీపు కుర్చీకి ఆనకుండా నిటారుగా కూర్చునేది, ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడేది కాదు, ఊళ్ళో ఎవరి గుట్టూ ఆమె నోటి నుంచి బయటికి పొక్కలేదు. పెళ్ళి చేసుకోలేదు. హెల్వి మొగుడు పోయాక అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒక ఇంట్లో చేరి, కాఫీ చిక్కగా పెట్టావనీ, పల్చగా పెట్టావనీ, మంచు అటు ఎత్తిపొయ్యాల్సింది ఇటు పోశావనీ రోజూ పోట్లాడుకునేవాళ్ళు. శనివారం సాయంత్రం మాత్రం పోట్లాట ఉండేది కాదు. ఇంటి వెనకాల చెక్కతో కట్టిన ఆవిరిగది ఉంది, సౌనా అంటారు. పొయ్యి మీద రాళ్ళు ఎర్రగా కాలాక, పై బల్ల మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, రాళ్ళ మీద నీళ్ళు చల్లుకుని, చెమటలు ధారలు కట్టేదాకా ఆ ఆవిరిలో కిమ్మనకుండా ఉండేవాళ్ళు. వాళ్ళమ్మ చేతుల్లో పసిపిల్లలుగా ఉన్నప్పటి నుంచీ ఉన్న అలవాటది. అక్కడ హెల్వి కూడా నోరు మూసుకునేదంటే ఊళ్ళో ఎవరూ నమ్మరు.

జనవరిలో ఒక శనివారం ఆ సౌనా పొయ్యిలోకే కట్టెలు తీసుకెళ్తూ సైమా గడ్డకట్టిన నేల మీద జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రిలో ఆపరేషన్ చేసి, ఇంటికి పంపకుండా గుట్టకి పంపారు.

గుట్ట అంటే ఊరి చివర ఎత్తు మీదున్న నర్సింగు, పునరావాస కేంద్రం. దానికి గేటు మీద వేరే పొడుగాటి పేరుంది గానీ ఎవరూ అనరు. భోజనాల హాలుకి ఇవతలి వైపు గదులు, ఎముకలు అతుక్కోవడానికి వచ్చి, నడక నేర్చుకుని, ఇంటికి పోయేవాళ్ళవి. అవతలి వైపు గదులు ఇంటికి పోనివాళ్ళవి. ఫలానా ఆయన్ని గుట్టకి తీసుకెళ్ళారట అంటే ఊళ్ళో మొదట అడిగే మాట, ఇవతలి వైపా అవతలి వైపా అనే.

సైమా ఇవతలి వైపు. వ్యాయామం చేయించే జోయెల్ అనే కుర్రాడు మొదటి రోజే అక్కాచెల్లెళ్ళిద్దరికీ విడమరిచి చెప్పాడు. "మంచం మీంచి మీ అంతట మీరు లేవాలి. బాత్రూముకి వెళ్ళి రావాలి. ఇంటి ముందు మెట్లు ఎక్కాలి. అది చాలు, ఇంటికి పంపించేస్తాం. కానీ వారం వారం ఎంతో కొంత ముందుకి జరుగుతూ ఉండాలండీ. ఎక్కడేసిన గొంగళి అక్కడే అన్నట్టుంటే ఇన్సూరెన్సు వాళ్ళు ఇక థెరపీ ఎందుకంటారు."

సైమా శ్రద్ధగా విని, చెల్లెలి వైపు తిరిగి ఒకే ఒక్క మాట అంది. "సౌనా గడప ఎంత ఎత్తుంటుందో ఆ అబ్బాయికి చెప్పవే. దాన్ని కూడా నేర్పిస్తాడు."

పని బాగానే మొదలైంది. పొద్దున పూట సైమాని చూసుకునే ఆయా పేరు డార్లా. యాభై దాటిన భారీ మనిషి. నడిస్తే బూట్లు కిర్రుమంటాయి, నవ్వితే కారిడారు చివరిదాకా వినబడుతుంది. సైమాని వీల్‌చైర్‌లో ముఖం కడిగించి వదిలేసేది కాదు. నడుముకి పట్టీ బిగించి, సింకు దగ్గర నిలబెట్టి, "పళ్ళు మీవి, మీరే తోముకోవాలి, నేను మా ఆయనకే తోమలేదు" అనేది. సైమాకి నవ్వొచ్చేది. నవ్వినంతసేపు నిలబడ్డానన్న సంగతి మరిచిపోయేది. బాత్రూముకి కూడా అంతే. పిలవగానే డార్లా వచ్చేది, పక్కన ఉండేది, ఎత్తేది కాదు.

హెల్వికి ఆమె నచ్చలేదు. మనిషికి అంత నవ్వు దేనికని. పైగా ఒకరోజు తను గదిలోకి వస్తుంటే, "జుట్టు సర్దుకోండి సైమా గారూ, బస్సావిడ వచ్చేసింది, లేటైతే మనిద్దరినీ మంచులో దింపేసి పోతుంది" అనడం చెవిన పడింది. ఊరంతా అనే మాటే అయినా ఈ మనిషి నోట వినేసరికి హెల్వికి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఫిబ్రవరిలో ఒక పొద్దున్న గుట్ట నుంచి ఫోనొచ్చింది. సైమా సింకు దగ్గర కింద పడింది. దెబ్బలేం లేవు, మోచెయ్యి కాస్త కమిలిందంతే, మీకు చెప్పడం మా విధి అంది అవతలి నర్సు. హెల్వి కోటు గుండీలు కూడా పెట్టుకోకుండా బయల్దేరింది. వెళ్ళి చూస్తే సైమా మంచం మీద కూర్చుని కాఫీ తాగుతోంది.

"ఏమైందే?"

"ఏముంది, మోకాలు వదిలేసింది. మెల్లగా జారి కూర్చున్నాను. పడ్డానని నువ్వంటావు గానీ కూర్చున్నానంటే సరిపోతుంది."

"ఆ డార్లా ఏది అప్పుడు?"

సైమా కాఫీ మీద ఊదుకుంది. "పక్క గదికి వెళ్ళింది. వాళ్ళు పిలిచారు. ఒక్క నిమిషం గట్టిగా పట్టుకోండి అని చెప్పే వెళ్ళింది. తప్పు నాదే, సబ్బు కోసం చెయ్యి చాపాను."

తప్పెవరిదో తేలడానికి హెల్వి ఆగే మనిషి కాదు. ఆ మధ్యాహ్నమే నర్సులందరికీ పెద్దయిన కరొలిన్ గదిలో కూర్చుంది. జోయెల్ వచ్చాడు. సైమాని కూడా వీల్‌చైర్‌లో తెచ్చి కిటికీ పక్కన పెట్టారు. హెల్వి అడిగింది ఒకటే. తన పక్కింటావిడ తల్లికి పట్నంలో పెట్టారట, కుర్చీ మీద పల్చటి మెత్త, దానికి తీగ, తీగకి డబ్బా. మనిషి లేవబోతే చాలు, డబ్బా గీ పెడుతుంది. అది సైమా కుర్చీకీ మంచానికీ పెట్టాలి, ఈ రోజే పెట్టాలి.

కరొలిన్ మర్యాదగానే చెప్పింది. "మా దగ్గర అవి ఉన్నాయండీ. కానీ వాడకం తగ్గించేశాం. అది పడకుండా ఆపదు హెల్వి గారూ, పడబోతున్నారని చెబుతుందంతే. ఆ మోతకి హడిలిపోయి మనుషులు కదలడం మానేస్తారు. కదలకపోతే కాళ్ళు ఇంకా బలహీనమైపోతాయి."

"అంటే మోగితే పరిగెత్తడానికి మీకు మనుషుల్లేరు. అదీ అసలు సంగతి."

మనుషులు తక్కువున్న మాట నిజమే.

"నేను బస్సు నడిపాను," అంది హెల్వి. "లేచినవాడే పడతాడు. కూర్చున్నవాడు పడడు. ఇందులో తెలుసుకోవాల్సిందేం లేదు. ఇదిగో, నేను ఇంటికెళ్ళి స్టేటు గవర్నమెంటు వాళ్ళకి ఫోన్ చేసి మా అక్కని సింకు దగ్గర గాలికొదిలేసి పోయారని చెప్పమంటే చెబుతాను. నంబరు మీ గోడ మీదే ఉంది."

ఆ మాటతో గదిలో గాలి మారిపోయింది. తనిఖీకి స్టేటు వాళ్ళు ఏ రోజైనా ఊడిపడవచ్చని గుట్టంతా అప్పటికే బిక్కుబిక్కుమంటోంది. ఒక ఫిర్యాదు పడిందంటే వాళ్ళు ముందుగానే దిగుతారు. కరొలిన్ జోయెల్ వైపు చూసింది, జోయెల్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. సరే, పెట్టిస్తాం అంది. హెల్వి అక్కడితో ఆగలేదు. ఆ డార్లా తన అక్క ఛాయలకి రాకూడదంది. సొంత పన్లో ఒళ్ళు దగ్గర పెట్టుకోలేని మనిషని కూడా అంది. కరొలిన్ దానికీ ఒప్పుకుంది. డార్లాని ఆ వారమే అవతలి వైపుకి మార్చారు.

ఇంత జరిగినా సైమా ఏమంటావని ఎవరూ అడగలేదు. ఆవిడ ఆ గదిలోనే ఉంది, చెవులు చక్కగా పనిచేస్తున్నాయి, మతి నిక్షేపంగా ఉంది. గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టేవాళ్ళ చిన్న చిన్న గుడారాలని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తిరిగి గదికి వెళ్తుంటే హెల్వి వెనక నుంచి కుర్చీ తోస్తూ, "నీ మంచికే కదే" అంది.

"నువ్వు చెప్పేశాక ఇంకేముంది," అంది సైమా.

అలారం పని చేసింది. ఆ మాట కాదనడానికి లేదు. ఫిబ్రవరి పోయి మార్చి వచ్చింది, సైమా ఒక్కసారి కూడా పడలేదు. హెల్వి రోజూ మూడింటికి వచ్చేసరికి కుర్చీలో బుద్ధిగా కూర్చుని ఉండేది. డార్లా చోటులోకి, తాత్కాలికంగా మనుషుల్ని పంపే ఏజెన్సీ నుంచి వారానికొకరు వచ్చేవాళ్ళు. సైమాకి సింకు దగ్గర నిలబడి పళ్ళు తోముకోవడం ఇష్టమని వాళ్ళకెవరికీ తెలియదు. బేసిను కుర్చీ దగ్గరికే తెచ్చిచ్చేవాళ్ళు. సైమా చెప్పేది కాదు. అడిగి చేయించుకోవడం ఆవిడకి చచ్చినంత పని. కాఫీ పల్చగా ఉందని కూడా అనడం మానేసింది. హెల్వి ఏం తెచ్చినా తినేది, ఏం చెప్పినా తలూపేది. అక్క ఇన్నాళ్ళకి దారికొచ్చిందని హెల్వి లోలోపల సంతోషించింది. ఆ సంతోషం తలుచుకుంటే తర్వాతి రోజుల్లో ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసేది.

మార్చి నెలాఖరున ఒకరోజు మంచు తెరిపిచ్చింది. హెల్వి యాలకులు దంచి వేసిన రొట్టె చేసింది. ఫిన్లాండు నుంచి వచ్చిన వాళ్ళమ్మ చేసేది, ఇళ్ళల్లో నిసు అంటారు. వేడి చల్లారకముందే తీసుకెళ్దామని మూడింటిదాకా ఆగకుండా మధ్యాహ్నం భోజనాల వేళకే గుట్టకి వెళ్ళింది.

హాలు తలుపు దగ్గర నిలబడి అక్క కోసం వెతికింది. సైమా కిటికీ దగ్గరి బల్ల ముందుంది. ఎదురుగా ఓర్విల్ అని, రైల్లో గార్డుగా చేసిన ముసలాయన. పక్షవాతం వచ్చి ఒక చెయ్యి పడిపోయింది, రెండో చేత్తో ముక్కలు పట్టుకుని సైమాతో రోజూ పేకాడతాడు. సైమా ముక్కలు బల్ల మీద బోర్లించింది. రెండు చేతులూ కుర్చీ చేతుల మీద ఆనించింది. ముందుకి వంగింది. ఆవిడ నడుము కుర్చీలోంచి పైకి లేవడం హెల్వికి స్పష్టంగా కనబడింది.

డబ్బా గీ పెట్టింది.

దాంతో పాటే హెల్వి నోటి నుంచి ఆ అరుపు వచ్చేసింది. తను అనుకుని అరవలేదు. అన్నేళ్ళు బస్సులో అరిచిన నోరు తనంతట తనే తెరుచుకుంది.

"సైమా, కూర్చో."

చెంచాలు ఆగిపోయాయి. నడవగలిగినవాళ్ళూ, నడవలేనివాళ్ళూ, మతి ఉన్నవాళ్ళూ, లేనివాళ్ళూ, అందరి తలలూ ముందు హెల్వి వైపు, తర్వాత సైమా వైపు తిరిగాయి. సైమా కూర్చుంది. డబ్బా నోరు మూసుకుంది. ఇంతసేపూ ఎక్కడుందో గానీ ఒక ఏజెన్సీ పిల్ల పరిగెత్తుకొచ్చి, సైమా కూర్చుని ఉండడం చూసి, "మంచి పని చేశారు" అని వెళ్ళిపోయింది.

హెల్వి రొట్టె సంచితో బల్ల దగ్గరికి వెళ్ళింది. సైమా తల ఎత్తలేదు. బూడిదరంగు గౌను ఒళ్ళో నల్లగా తడి పాకుతోంది. కుర్చీ కింద నేల మీద చుక్కలు పడుతున్నాయి.

ఓర్విల్ గొంతు తగ్గించి అన్నాడు. "ఇందాకట్నుంచీ పిలుస్తోందమ్మా ఆవిడ. వస్తున్నాం వస్తున్నాం అంటారు, రారు. ఇక ఆగలేక తనే పోదామని లేచింది. ఇక్కడ లేస్తే కూర్చోమనేవాళ్ళే గానీ ఎందుకు లేచావని అడిగేవాడు లేడు."

హెల్వి ఎవరినీ పిలవకుండా తనే కుర్చీ తోసుకుంటూ అక్కని గదికి తీసుకెళ్ళింది. తలుపు వేసి, తడిబట్టలు విప్పి, గుడ్డ తడిపి తుడిచింది. సౌనాలో పుట్టినప్పటి నుంచీ చూసిన ఒళ్ళే అది. కానీ ఆ తొడలు అక్క తొడల్లా లేవు. చర్మం సంచిలా వేలాడుతోంది. లోపల పట్టుకుందామంటే కండ లేదు. కూర్చుని కూర్చుని కరిగిపోయింది. రోజూ మూడింటికి వచ్చి దుప్పటి పైనుంచి చూసి వెళ్ళిపోయిన తనకి ఇది ఎలా తెలుస్తుంది?

"ఎవరైనా చూశారా?" అని అడిగింది సైమా. అప్పటిదాకా ఆవిడ అన్న మొదటి మాట అది.

"ఎవరూ చూళ్ళేదు."

"నువ్వు అరిచాక అందరూ చూశారే."

హెల్వి పొడి గౌను తొడిగి గుండీలు పెట్టింది. బ్యాంకు కౌంటరు వెనకాల ఎవరి ముందూ తల వంచని మనిషి. ఆ మనిషి పరువు ఊరందరి ముందూ తీసింది ఆయాలు కాదు, స్టేటు వాళ్ళు కాదు, తోడబుట్టిన తను. ఏడుపొచ్చింది గానీ అక్క ముందు ఏడవడానికి మొహం చెల్లలేదు. రొట్టె ముక్క కోసిస్తే సైమా తర్వాత తింటానంది.

మర్నాడు హెల్వి జోయెల్‌ని పట్టుకుంది. అతను చాలాసేపు ఏదో సర్దుతున్నట్టు నటించాడు.

"మా అక్క ఎందుకు నడవడం లేదో చెప్పు బాబూ. దాచకు."

"కాళ్ళు పోలేదండీ ఆవిడకి. నేను నిలబెడితే నిలబడతారు. కడ్డీలు పట్టుకుని నాలుగడుగులు వేస్తారు కూడా. కానీ లేవబోయే ముందు ప్రతిసారీ నా మొహం చూస్తారు. లేవచ్చా అని అడుగుతున్నట్టు. నేను సరే అంటేనే లేస్తారు. నేను ఆవిడతో ఉండేది రోజుకి కాసేపు. మిగతా రోజంతా కుర్చీ ఆవిడకి వద్దు వద్దు అనే చెబుతోంది."

"ఈ మాట ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"ఆ మీటింగులోనే చెప్పాల్సిందండీ. నాకు నోరు రాలేదు. మీరు స్టేటు పేరెత్తారు." కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. "ముందుకి జరగడం లేదని ఇన్సూరెన్సు వాళ్ళు ఆపేశారు. శుక్రవారంతో థెరపీ అయిపోతుంది. ఆ తర్వాత ఆవిడ గది అవతలి వైపుకి మారుతుంది."

ఇంటికి తీసుకుపోతానంది హెల్వి. ఎలా తీసుకుపోతారో చూపించమన్నాడు జోయెల్, వెటకారంగా కాదు, మెల్లగానే. మంచం మీంచి కుర్చీలోకి అక్కని ఎత్తబోయి హెల్వి భుజం పట్టేసి సగంలో ఆగిపోయింది. జోయెల్ పట్టుకోకపోతే ఇద్దరూ నేల మీదుండేవాళ్ళు. ఇంట్లో రాత్రీ పగలూ మనిషిని పెట్టుకునే స్తోమత వాళ్ళకి లేదు. ఆ సంగతి హెల్వికి తెలుసు, సైమాకి అంతకంటే బాగా తెలుసు.

శుక్రవారం బట్టలూ, ఫొటోలూ, పేకముక్కలూ ఒక అట్టపెట్టెలో సర్ది, ఆ పెట్టెని సైమా ఒళ్ళోనే పెట్టి, భోజనాల హాలు మీదుగా అవతలి వైపుకి తోసుకెళ్ళింది హెల్వి. ఓర్విల్ బాగున్న చెయ్యి ఎత్తాడు. సైమా ఎటూ చూడలేదు.

ఆ కారిడార్‌లో దుప్పట్ల బండి తోసుకుంటూ డార్లా ఎదురైంది. ఏమీ జరగనట్టే, "సైమా గారూ, ఇటొచ్చారా" అని ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, గదిలో పక్క సర్ది, కిటికీ తెర తీసి వెళ్ళింది. హెల్వి వెనకాలే వెళ్ళి కారిడార్‌లో ఆపింది.

"డార్లా, ఆ రోజు నీ గురించి నేనన్న మాటలు తప్పు. నోరు జారాను. ఏమీ అనుకోవద్దు."

డార్లా దుప్పట్లు మడతపెడుతూనే ఉంది. "నేను ఆవిడని వదిలేసి పక్క గదికి పోయిన మాట నిజమే కదండీ. అక్కడ పెద్దాయన ఊపిరాడక దగ్గుతున్నాడు. ఇద్దరికీ నేనొక్కదాన్నే. అయినా ముందు ఆవిడని కూర్చోబెట్టి పోవాల్సింది. ఆ తప్పు నాదే, అది నేనూ మర్చిపోలేదు."

"కాదు, తప్పు..."

"అయితే ఒక మాట అంటాను, కోపగించుకోకండి. నన్ను తిట్టినందుకు నాకేం లేదు, నన్ను తిట్టని చుట్టాలెవరు ఈ గుట్ట మీద? కానీ ఆవిడని పక్కన పెట్టుకుని, ఆవిడ లేనట్టే అందరూ మాట్లాడేసుకున్నారట. కరొలిన్ కూడా అదే అని బాధపడింది తర్వాత. మీరు సారీ చెప్పాల్సింది నాకు కాదండీ." బండి తోసుకుని వెళ్ళిపోయింది. నవ్వలేదు. ఆ నవ్వు వినబడితే బావుండునని హెల్వి మొదటిసారి అనుకుంది.

తిన్నగా కరొలిన్ దగ్గరికి వెళ్ళి అలారం తీసేయమంది. కరొలిన్ దీర్ఘాలు తియ్యలేదు. అప్పటికప్పుడే మనిషిని పంపించింది. కుర్చీ మీది మెత్త, మంచం మీది మెత్త, తీగలూ, డబ్బాలూ అన్నీ విప్పి పట్టుకుపోయారు. ఇంత తేలిగ్గా పని అవుతుందని తెలిస్తే ఎన్నడో అడిగేదాన్ని కదా అని హెల్వి కుమిలిపోయింది.

శనివారం మధ్యాహ్నం హెల్వి మళ్ళీ వచ్చింది. బయట ఎండ కాస్తోంది, కార్లు నిలిపే చోట మంచు కరిగి బురద బురదగా ఉంది. డార్లాని బతిమాలి పిలుచుకొచ్చింది. డార్లా సైమా నడుముకి పట్టీ బిగించి ఒక పక్క నిలబడింది. హెల్వి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. అక్క మోకాళ్ళూ తన మోకాళ్ళూ తగులుతున్నాయి.

"అది తీసేయించాను సైమా. ఇక మోగదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు లే. ఎవరూ ఏమీ అనరు. నేను కూడా అనను."

సైమా చెల్లెలి మొహంలోకి చూసింది. కుర్చీ చేతుల మీద చేతులు ఆనించింది. వేళ్ళు తెల్లగా అయ్యేదాకా బిగించింది. డార్లా పట్టీ పట్టుకుని, "అదీ, మీరే, నేనేం చెయ్యడం లేదు" అంటోంది. సైమా నడుము కాస్త పైకి లేచింది. లేచి, గాల్లో ఆగింది. ఏదో మోత కోసం చెవి ఒగ్గినట్టు తల పక్కకి వాల్చింది. ఏ మోతా రాలేదు. మోకాళ్ళు గడగడ వణికాయి. దబ్బున కూలబడింది.

"మళ్ళీ చూద్దాం," అంది హెల్వి.

సైమా కుడిచెయ్యి తొడ కిందికి పోయింది. అక్కడ మెత్త ఉండే చోటు తడుముతోంది. మొహంలో రక్తం లేదు.

"అది ఎక్కడ పెట్టారు?"

"తీసేశాం కదే. చెప్పాను కదా."

"పెట్టించు."

హెల్వికి సరిగ్గా వినబడలేదేమో అనిపించింది. డార్లా పట్టీ వదలకుండా అలాగే నిలబడింది.

"అది లేకపోతే భయంగా ఉందే," అంది సైమా. గొంతు పెంచలేదు. కౌంటరు వెనక నుంచి ఎవరికో లెక్క చెబుతున్నంత నెమ్మదిగా అంది. "రాత్రంతా నిద్ర పట్టలేదు. మంచం మీద అటు తిరిగితే పడిపోతానేమో, పడితే ఎవరికీ తెలియదేమో అని. పక్క గదిలో వాళ్ళ డబ్బా మోగుతుంటే అది నాదైతే బావుండుననిపించింది."

"నేనున్నాను కదే."

"నువ్వు సాయంత్రానికి ఇంటికి పోతావు."

అది దెప్పడం కాదు. అందుకే హెల్వికి ఇంకా తట్టుకోలేనిదయింది. లేవమని అరవాలనిపించింది. ఎత్తి నిలబెట్టాలనిపించింది. వారం రోజులు ఓపిక పట్టు, నెల రోజులు పట్టు, మళ్ళీ అన్నీ వస్తాయి అని చెప్పాలనిపించింది. ఆ మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. ఒక్కటి కూడా అక్క అడిగింది కాదు.

"నిజంగా కావాలా నీకు?" అని అడిగింది. అంత చిన్న గొంతుతో మాట్లాడ్డం తనకే కొత్త.

"కావాలి."

డార్లా హెల్వి వైపు చూసి పట్టీ వదులు చేసింది. "కాళ్ళు నేను రోజూ ఆడిస్తూ ఉంటాను సైమా గారూ, అది మానను" అని మాత్రం అంది. సైమా సరేనంది.

నర్సుల బల్ల దగ్గరికి హెల్వే వెళ్ళింది. ఎందుకు అని అడిగిన పిల్లకి మా అక్క అడిగింది అని చెప్పి, మెత్తనీ తీగనీ డబ్బానీ చేతుల్లో పట్టుకుని వచ్చింది. డార్లా సైమాని ముందుకి వంచి పట్టుకుంటే, హెల్వి ఆవిడ కిందికి ఆ మెత్త జరిపింది. ముడతలు లేకుండా సర్దింది. తీగ చక్రంలో పడకుండా కుర్చీ వెనకాల నుంచి తిప్పింది. డబ్బా తగిలించింది. బొత్తాం మీద వేలు పెట్టి కాసేపు అలాగే ఉండిపోయింది.

"డబ్బా మీద లైటు వెలిగిందా?" అని అడిగింది సైమా.

హెల్వి బొత్తాం నొక్కింది. వెలిగిందని చెప్పింది.